జులైలో రగ్బీ నేషన్స్ కప్: ఎవరైనా ఫాలో అవుతున్నారా?

గూగ్లీ_గుడిమల్కాపూర్ (హైదరాబాద్)

అందరికీ నమస్తే. నేను పక్కా క్రికెట్ మనిషిని, పేరులోనే ఉంది. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది కదా, హైదరాబాద్ హీరోస్ అని మన టీమ్ ఉంది, ఆ ఒక్క కారణంతో టీవీ పెట్టా. ఏడుగురి ఆట, చిటికెలో అయిపోతుంది, కప్పు చెన్నై వాళ్లు ఎత్తుకుపోయారు (ఇక్కడా వాళ్లేనా అని మా తమ్ముడి ఏడుపు). అప్పట్నుంచి పదిహేను మంది ఆడే అసలు రగ్బీ కూడా అప్పుడప్పుడు చూస్తున్నా, సగం అర్థమవుతుంది, సగం కాదు.

డౌట్ ఏంటంటే, 2026 జులై నుంచి నేషన్స్ ఛాంపియన్‌షిప్ అని ఒకటి, నేషన్స్ కప్ అని ఇంకొకటి మొదలవుతున్నాయి. మొదటి దాంట్లో న్యూజిలాండ్, సౌతాఫ్రికా, ఇంగ్లండ్ లాంటి పెద్దోళ్లు. రెండో దాంట్లో జార్జియా, ఉరుగ్వే, జింబాబ్వే, హాంకాంగ్... ఈ రెండోది ఏంటి అసలు? ఎదిగే జట్ల కోసం అంటున్నారు. నిజంగా ఎదగడానికా, లేక పెళ్లిలో పిల్లలకి విడిగా వేసే బంతి లాంటిదా? తెలిసినోళ్లు కాస్త చెప్పండి.

బుకారెస్ట్_బావ (రొమేనియా, సొంతూరు తణుకు)

పిల్లల బంతి 😄 బాగా చెప్పావు తమ్ముడూ. ముందు లెక్క చెప్తా. పై అంతస్తులో 12 జట్లు: సిక్స్ నేషన్స్ (ఇంగ్లండ్, ఫ్రాన్స్, ఐర్లాండ్, ఇటలీ, స్కాట్లాండ్, వేల్స్ ఆడే యూరప్ టోర్నీ) ఆరు, దక్షిణం వైపు నాలుగు పెద్ద జట్లు, వాటికి తోడు జపాన్, ఫిజీ. కింది అంతస్తులో ఇంకో 12, అదే నేషన్స్ కప్. ఒక వైపు కెనడా, అమెరికా, చిలీ, ఉరుగ్వే, సమోవా, టోంగా. ఇంకో వైపు జార్జియా, పోర్చుగల్, స్పెయిన్, రొమేనియా, హాంకాంగ్, జింబాబ్వే. ఈ వైపు జట్టు ఆ వైపు ఆరుగురితోనూ ఆడాలి, జులైలో మూడు, నవంబర్‌లో మూడు. ఈ పన్నెండూ 2027 ఆస్ట్రేలియా వరల్డ్ కప్‌కి అర్హత సాధించిన జట్లే.

పేరు మాత్రం కొత్తది కాదు. నేషన్స్ కప్ అనేది 2006లోనే లిస్బన్‌లో మొదలైంది, నాలుగు జట్లతో: పోర్చుగల్, రష్యా, ఇటలీ ఎ, అర్జెంటీనా ఎ (ఎ అంటే ఆ దేశం రెండో జట్టు). మరుసటి ఏడు బుకారెస్ట్‌కి వచ్చింది, ఇక్కడే 2016 దాకా ప్రతి జూన్‌లో జరిగింది. ఆ తర్వాత ఉరుగ్వేలో మాంటెవిడియోకి పోయింది. నేను ఇక్కడికి ఉద్యోగానికి వచ్చింది 2012లో, ఆఫీసులో ఒకాయన "ఆదివారం ఖాళీయేనా, రగ్బీకి వస్తావా" అంటే ఊరికే వెళ్లా. ఆర్కుల్ దె త్రియుంఫ్ స్టేడియం, పాతది, ఇప్పుడు దాన్ని కూలగొట్టి కొత్తది కట్టారు. అప్పట్లో సిమెంటు మెట్లు, పెచ్చులూడిన గోడలు, జనం ఓ మోస్తరు. మెట్ల మీద ఎక్కడ చూసినా పొద్దుతిరుగుడు గింజల పొట్టే, ఇక్కడి వాళ్లు మ్యాచ్ చూస్తున్నంత సేపు అవి కొరుకుతూ ఉమ్ముతూనే ఉంటారు, మన దగ్గర పల్లీల్లాగన్నమాట. బయట మిచ్ అని మాంసం ముద్దలు బొగ్గుల మీద కాలుస్తుంటే ఆ పొగంతా లోపలికే వచ్చేది.

స్క్రమ్ అంటే టీవీలో చూశావు కదా, ఎనిమిది మంది ఇటు ఎనిమిది మంది అటు తలలు దూర్చి నెట్టుకోవడం. టీవీలో అది బోరు. నేను కూర్చున్న చోటికి పాతిక అడుగుల దూరంలో జరిగింది ఒకటి. ఆ రెండు గుంపులూ గుద్దుకున్నప్పుడు వచ్చిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది, లారీ వెనక తలుపు దబ్బున వేసినట్టు. ఆ తర్వాత ఒక రెండు సెకన్లు అసలు కదలిక లేదు, కాళ్లు మాత్రం గడ్డిలోకి దిగబడుతున్నాయి, ఎవరో మూలుగుతున్నారు. చిన్నప్పుడు మా వైపు సంక్రాంతికి బండలాగుడు పందెం చూసినప్పుడు గిత్తలు బిగపట్టి బండ కదలక ముందు క్షణం ఉంటుంది చూడు, అచ్చం అదే. ఆ ఏడు కప్పు రొమేనియాదే. ఆ రోజే పిచ్చెక్కింది నాకు.

కబడ్డీ_కామేశం (విజయవాడ)

బావగారూ, కవిత్వం బాగుంది గానీ తమ్ముడు అడిగిన దానికి జవాబు రాలేదు. పిల్లల బంతా కాదా? నేను చదివినంతలో పై 12 జట్లకీ కింది 12 జట్లకీ మధ్య తలుపు 2030 దాకా తెరవరు. అంటే జార్జియా ఈ నేషన్స్ కప్‌లో ఆరుకి ఆరు గెలిచినా 2028లో మళ్లీ ఇదే నేషన్స్ కప్ ఆడాలి. ఇదేం నిచ్చెన అండి? మెట్లన్నీ ఉన్నాయి, పైన డాబాకి మాత్రం తాళం.

టిబిలిసి_స్టెతస్కోప్ (జార్జియా, ఎంబీబీఎస్ నాలుగో ఏడు)

ఎవరో జార్జియా అన్నారు, నేను హాజర్ 🙋‍♀️

మా కాలేజీలో తెలుగు వాళ్లం చాలామందే ఉన్నాం, అందరూ క్రికెట్ బ్యాచే. నాకు మాత్రం మా ఇంటి ఓనర్ ఆంటీ వల్ల రగ్బీ అంటింది. ఆవిడకి డెబ్బై ఏళ్లు దాటాయి, మ్యాచ్ ఉన్న రోజు వంటింట్లో రేడియో, హాల్లో టీవీ రెండూ పెడుతుంది. 2025 మార్చిలో యూరప్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ టిబిలిసిలోనే జరిగింది, స్పెయిన్‌ని 46-28తో కొట్టారు. స్టేడియం మొత్తం "లెలో లెలో, సకార్త్వెలో" అని అరుస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. సకార్త్వెలో అంటే వాళ్ల భాషలో జార్జియా. లెలో అంటే ట్రై, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం.

ఆ మాట ఎక్కడిదో ఆంటీయే చెప్పింది. వాళ్లకి లెలో బుర్తి అని పాత ఊరి ఆట ఉంది. గురియా ప్రాంతంలో షుఖుతి అనే ఊళ్లో ఇప్పటికీ ఈస్టర్ రోజున ఆడతారు. పై షుఖుతి, కింది షుఖుతి, రెండు జట్లు, జట్టుకి ఇంతమందే అని లెక్క లేదు, ఊరు మొత్తం దిగుతుంది. బంతి 16 కిలోలు ఉంటుందట, తోలు సంచిలో మట్టి కుక్కి, వైన్ పోసి, చర్చి ఫాదర్ దీవించి ఇస్తాడు. ఎవరి వైపు వాగు దాకా వాళ్లు మోసుకుపోతే గెలుపు. గెలిచిన వాళ్లు ఆ బంతిని తీసుకెళ్లి ఆ ఏడాది పోయిన ఊరి మనిషి సమాధి మీద పెడతారు. అది విన్నాక వీళ్లు స్క్రమ్‌లో ఎందుకు అంత మొండిగా నిలబడతారో అర్థమైంది నాకు.

కామేశం గారు అన్న తాళం మాట మాత్రం నిజం. ఇక్కడ ఎవర్ని కదిపినా అదే కోపం. 2022 నవంబర్‌లో వేల్స్‌ని వాళ్ల కార్డిఫ్‌లోనే 13-12తో ఓడించారు. అదే ఏడు జులైలో ఇక్కడే బతూమి ఊళ్లో ఇటలీని 28-19తో కొట్టారు. 2024లో జపాన్ వెళ్లి 25-23తో గెలిచి వచ్చారు. ఆ ముగ్గురూ ఇప్పుడు పైన. జార్జియా కింద!!

ఆక్లాండ్_అత్తమ్మ (న్యూజిలాండ్)

అమ్మాయ్, నీ కోపం న్యాయమే. నేను ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా, ఇక్కడ పాలు పోసే మనిషి దగ్గర్నుంచి బ్యాంక్ మేనేజర్ దాకా రగ్బీ గురించే మాట్లాడతారు, కానీ పక్కనే ఉన్న సమోవా, టోంగా సంగతి వస్తే గొంతు తగ్గుతుంది. మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో సగం మంది ఆ ద్వీపాల పిల్లలే. బాగా ఆడిన వాళ్లకి ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) జెర్సీ, లేదంటే ఫ్రాన్స్ క్లబ్బు. సొంత దేశానికి మిగిలేది ఎవరు?

జింబాబ్వే కథ కూడా ఇదే. సౌతాఫ్రికా ప్రాప్ (స్క్రమ్ ముందు వరసలో నెట్టేవాడు) "బీస్ట్" మ్తవారిరా పుట్టింది జింబాబ్వేలో, ఆస్ట్రేలియా ఫ్లాంకర్ (స్క్రమ్ పక్కల్లో ఉండేవాడు) డేవిడ్ పోకాక్ పుట్టిందీ అక్కడే. ఒకే దేశం ఇద్దరు ప్రపంచ స్థాయి ఆటగాళ్లని కని ఇద్దర్నీ పరాయి జెర్సీల్లో చూసింది. ఆ జింబాబ్వేనే 2025 జులైలో కంపాలాలో నమీబియాని 30-28తో ఓడించి 1991 తర్వాత మళ్లీ వరల్డ్ కప్‌కి వచ్చింది. రెండు పాయింట్ల తేడా! అందుకే నేను ఈ నేషన్స్ కప్‌ని తీసిపారెయ్యను. లేకపోతే ఆ జట్టు ఇప్పట్నుంచి 2027 దాకా ఎవరితో ఆడుతుంది చెప్పండి? పక్క దేశాలతో నాలుగు మ్యాచులు, అంతే.

కబడ్డీ_కామేశం

అత్తమ్మగారూ, నేను మ్యాచులు వద్దనట్లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటున్నా. బావగారి రొమేనియానే చూడండి, నేను కాస్త వెతికా. పాత నేషన్స్ కప్ 2012, 2013, 2015, 2016 గెలిచింది, నాలుగు సార్లు. మరి 2023 వరల్డ్ కప్‌లో? ఐర్లాండ్ చేతిలో 82-8, సౌతాఫ్రికా చేతిలో 76-0, స్కాట్లాండ్ చేతిలో 84-0. ఆఖరికి టోంగా కూడా 45-24. నాలుగు కప్పులు అల్మారాలో పెట్టుకుని ఇదా ఎదుగుదల? ఎదిగే జట్ల టోర్నీ గెలిచి గెలిచి తరిగిపోయారు.

గూగ్లీ_గుడిమల్కాపూర్

అబ్బో 84-0 ఆ. బావా, దీనికేమంటావ్

బుకారెస్ట్_బావ

ఏమంటాను, చేదు నిజం. ఆ స్కాట్లాండ్ మ్యాచ్ మా ఇంట్లో నలుగురం కూర్చుని చూశాం, ముగ్గురు ఇక్కడి వాళ్లు, హాఫ్ టైమ్‌కి టీవీ కట్టేసి కార్డ్స్ ఆడుకున్నాం.

కానీ కామేశం గారూ, కప్పుల లెక్క ఒక్కటే చూస్తే అసలు రోగం దొరకదు. నా లెక్క ప్రకారం ఇది యాభై ఏళ్ల కథ, ఓపిక ఉంటే చదవండి.

ఒకప్పుడు రొమేనియా అంటే ఫ్రాన్స్, వేల్స్ వాళ్లకి కూడా టెన్షనే. 1983లో బుకారెస్ట్‌లో వేల్స్‌ని 24-6తో కొట్టారు, 1984లో స్కాట్లాండ్‌ని 28-22తో, 1988లో కార్డిఫ్ వెళ్లి మళ్లీ వేల్స్‌ని 15-9తో, 1990లో ఫ్రాన్స్ గడ్డ మీద ఫ్రాన్స్‌ని 12-6తో. అప్పట్లో ఆటగాళ్లంతా పేరుకి సైనికులు, పోలీసులు. స్టావా సైన్యం క్లబ్బు, దినామో పోలీసుల క్లబ్బు. జీతం ప్రభుత్వానిది, పని రగ్బీ. 1989 డిసెంబర్‌లో విప్లవం వచ్చింది. ఫ్లోరికా మురారియు అని జట్టులో పెద్ద పేరున్న ఫ్లాంకర్, సైన్యంలో ఆఫీసర్, ఆ రోజుల్లో తుపాకీ గుండుకి పోయాడు. కార్డిఫ్‌లో గెలిచి అప్పటికి ఏడాది మాత్రమే అయింది. ఆ వ్యవస్థ కూలిపోయాక జీతాలు పోయాయి, ఆడగలిగిన వాళ్లు ఫ్రాన్స్ వెళ్లిపోయారు, స్కూళ్లలో పిల్లలు ఫుట్‌బాల్‌కి మళ్లారు. సరిగ్గా అదే సమయంలో, 1995లో రగ్బీ ప్రొఫెషనల్ అయింది. 2000లో ఇటలీని తీసుకుని ఫైవ్ నేషన్స్‌ని సిక్స్ నేషన్స్ చేశారు. రొమేనియాని ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు నేషన్స్ కప్. దాంట్లో వచ్చిన పెద్ద దేశాలన్నీ తమ రెండో జట్టునే పంపేవి. 2007, 2008లో ఎమర్జింగ్ సౌతాఫ్రికా గెలిచింది, 2009లో స్కాట్లాండ్ ఎ, 2014లో ఎమర్జింగ్ ఐర్లాండ్. వాళ్లకి అది ప్రయోగశాల. కుర్రాళ్లని తెచ్చి, పది రోజులు ఇక్కడ గుద్దులు తినిపించి, పనికొచ్చిన వాళ్లని పై జట్టుకి తీసుకునేవాళ్లు. రొమేనియా మాత్రం ఉన్న అసలు జట్టునే దింపేది. అంటే మనం కప్పు గెలిచాం, వాళ్లు ఆటగాళ్లని గెలుచుకున్నారు. (చూశారా, "మనం" అంటున్నా, పన్నెండేళ్లకి పైగా అయింది మరి.)

కానీ ఆ కప్పు ఎవరికి పనికొచ్చిందో కూడా చెప్పాలి. 2010లో నమీబియా గెలిచింది. 2003 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా చేతిలో 142-0తో ఓడిన నమీబియా! వరల్డ్ కప్‌లో ఇప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టు అది. 2010 జూన్‌లో ఇక్కడికొచ్చి ట్రోఫీ పట్టుకుపోయింది. నేను అప్పటికి రాలేదు గానీ, మా ఆఫీసు పెద్దాయన ఇప్పటికీ చెప్తాడు, రొమేనియా వాళ్లు ఎడారి వాళ్లకి కప్పు ఇచ్చి పంపారని.

ఆక్లాండ్_అత్తమ్మ

ఉరుగ్వే పేరు మర్చిపోయావు బావా. వాళ్లు కూడా మీ బుకారెస్ట్ చుట్టూ తిరిగిన వాళ్లే, 2012లో, 2014లో వచ్చారు కదా. 2019 వరల్డ్ కప్‌లో జపాన్‌లో కమైషి అనే ఊళ్లో ఫిజీని 30-27తో కొట్టారు. కమైషి 2011 సునామీలో కొట్టుకుపోయిన ఊరు, స్కూలు ఉన్న చోటే స్టేడియం కట్టారు. మ్యాచ్ తర్వాత ఉరుగ్వే కెప్టెన్ గామినారా టీవీ ముందు ఏడుస్తుంటే నేను కూడా ఇక్కడ కూరగాయలు తరుగుతూ ఏడ్చా, ఉల్లిపాయలు కాదు.

ఇంకొకటి పోర్చుగల్. 2007 వరల్డ్ కప్‌లో రొమేనియా మీద 10-14తో ఓడి ఇంటికెళ్లిన జట్టు, 2023 వరల్డ్ కప్‌లో జార్జియాతో 18-18 డ్రా, ఆఖరి మ్యాచ్‌లో ఫిజీని 24-23. అదే ఫిజీ ఆ టోర్నీలో ఆస్ట్రేలియాని కొట్టింది. చివరి రెండు నిమిషాల్లో మార్తా మూలన ట్రై వేస్తే, సామ్యుయెల్ మార్కెస్ కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్ స్తంభాల మధ్యకి తన్నే కిక్) కొట్టాడు. కామేశం గారూ, రొమేనియా లెక్క చూపిస్తే నేను పోర్చుగల్ లెక్క చూపిస్తా. రెండూ ఒకే టోర్నీలు ఆడి పెరిగిన జట్లే. ఒకటి పడింది, ఒకటి లేచింది.

టిబిలిసి_స్టెతస్కోప్

ఆ 18-18 గురించి ఎత్తకండి అత్తమ్మగారూ, మా ఆంటీ రెండు రోజులు వంట మానేసింది 😭

మోడరేటర్

ఆహారం ఎగ్గొట్టిన కథలకి వేరే విభాగం ఉంది. (సరదాకే. కొనసాగించండి.)

కబడ్డీ_కామేశం

సరే, పోర్చుగల్ పాయింట్ ఒప్పుకుంటున్నా. అయినా అడుగుతా. రొమేనియా 2019 వరల్డ్ కప్‌కి ఎందుకు లేదు? 2023కి ఎలా వచ్చింది? ఎక్కడో చదివితే తల తిరిగింది.

బుకారెస్ట్_బావ

నా పరువు తీయాలనే కంకణం కట్టుకున్నట్టున్నారు.

2018 మార్చి. స్పెయిన్ గనక బ్రస్సెల్స్‌లో బెల్జియంని ఓడిస్తే వరల్డ్ కప్‌కి వెళ్తుంది, ఓడితే ఆ చోటు రొమేనియాకి. ఆ మ్యాచ్‌కి రిఫరీ ఎవరు? రొమేనియా వాడు. అవును, నిజంగానే. ఇంత చిన్న లోకంలో ఇంకో రిఫరీ దొరకలేదు. స్పెయిన్ 18-10తో ఓడింది, అయిపోయాక స్పెయిన్ ఆటగాళ్లు రిఫరీ వెంట పడ్డారు, ఆయన పరుగు. గొడవ విచారణకి వెళ్లింది. విచారణలో తేలిందేంటంటే రొమేనియా, స్పెయిన్, బెల్జియం ముగ్గురూ అర్హత లేని ఆటగాళ్లని ఆడించారని. మనవాళ్లు ఆడించింది అంతకు ముందే టోంగా సెవెన్స్ (ఏడుగురి ఆట) జట్టుకి ఆడిన ఒక ఆటగాడిని. మూడు జట్లకీ పాయింట్లు కోసేశారు, ఎవరూ ఊహించని రష్యా వెళ్లింది. నాలుగేళ్ల తర్వాత స్పెయిన్ మళ్లీ అలాంటి తప్పే చేసింది, ఈసారి లాభం రొమేనియాకి, అలా 2023కి వెళ్లి ఆ 84-0 తెచ్చుకున్నారు. మైదానంలో గెలవని చోటుకి కాగితం మీద వెళ్తే అంతే. పాపం స్పెయిన్ 1999 తర్వాత మళ్లీ 2027కే ఆడబోతోంది.

అందుకే నేను అనేది: సొంత పిల్లల్ని తయారు చేసుకోకుండా బయట నుంచి తాతో అమ్మమ్మో ఇక్కడ పుట్టారన్న లెక్కలతో, అయిదేళ్ల నివాసం లెక్కలతో జట్టు కట్టుకుంటే ఏ నేషన్స్ కప్పూ కాపాడదు. అదే సొంతంగా పిల్లలు వస్తూ ఉంటే, వాళ్లకి ఏడాదికి ఆరు గట్టి మ్యాచులు ముందే క్యాలెండర్‌లో రాసి ఉంటే, అది వేరే కథ. ఇన్నాళ్లూ ఈ జట్లు పెద్దోళ్లకి ఉత్తరాలు రాసి "ఒక్క మ్యాచ్ ఆడండి బాబూ" అని అడుక్కునేవి. ఈసారి కనీసం అడుక్కునే పని లేదు. తాళం సంగతి మాత్రం మీరన్నదే, దానికి నా దగ్గర జవాబు లేదు.

డ్రిల్_మాస్టారు (ఖమ్మం వైపు)

ఆలస్యంగా చూశాను. నేను పీఈటీగా రిటైరయ్యాను. చర్చ బాగుంది, ఒక చిన్న మాట.

పదేళ్ల కిందట ఒక శిక్షణ శిబిరానికి వెళ్లి వచ్చి మా స్కూల్లో టచ్ రగ్బీ మొదలుపెట్టాను. పట్టుకోవడం ఉండదు, రెండు చేతులతో తాకితే చాలు. కిట్లు పంపిస్తామన్నారు ఆ శిబిరం పెట్టిన వాళ్లు, ఈరోజుకీ రాలేదు. ఉన్నది ఒకే ఒక్క బంతి. అది పగిలితే మా అటెండర్ సైకిల్ షాపులో పంక్చర్ వేయించుకొచ్చాడు, ఆ అతుకు వల్ల అసలే కోడిగుడ్డు ఆకారం, ఇంకా వంకరగా ఎగిరేది. పిల్లలు దానికి అలవాటు పడిపోయారు. తర్వాత జిల్లా పోటీల్లో మంచి బంతి ఇస్తే పట్టుకోవడం రాక నాలుగు జారవిడిచారు.

కబడ్డీ ఆడే పిల్లలకి రగ్బీ త్వరగా వస్తుంది, కామేశం గారు ఒప్పుకుంటారనుకుంటా. కింద కాళ్ల దగ్గర పట్టు పట్టడం, మనిషి ఎటు తప్పించుకుంటాడో నడుము చూసి కనిపెట్టడం వాళ్లకి ముందే తెలుసు. రానిది ఒకటే, వెనక్కి పాస్ చేయడం. బంతి చేతిలో ఉంటే ముందుకి విసరకూడదు అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఒక ఆడపిల్ల అడిగింది, "గోల్ ముందుంటే బంతి వెనక్కి ఎందుకియ్యాలె సార్?" అని. నేనేమీ చెప్పలేకపోయా. మైదానంలోనే అర్థమైంది ఆ పిల్లకి, తర్వాత అందరికంటే బాగా పాస్ ఇచ్చింది.

గూగ్లీ_గుడిమల్కాపూర్

మాస్టారూ నమస్తే 🙏 మీ పోస్ట్ చదివి అడగాలనిపించింది, మరి మన ఇండియా ఎప్పుడొస్తుంది ఇలాంటి కప్పుకి? హాంకాంగ్ వచ్చింది కదా.

ఆక్లాండ్_అత్తమ్మ

హాంకాంగ్ ఒక్క రోజులో రాలేదు నాయనా. ఏళ్ల తరబడి ఆసియాలో రెండో మూడో స్థానంలో ఉండి, 2025లో కొరియాని గెలిచి మొదటిసారి వరల్డ్ కప్‌కి వచ్చింది. మనకి పక్కనే ఉన్న శ్రీలంకని చూడు ముందు. కొలంబో రాయల్ కాలేజీ, క్యాండీ ట్రినిటీ కాలేజీ మధ్య బ్రాడ్‌బీ షీల్డ్ అని 1945 నుంచి ఆడుతున్నారు, స్కూలు మ్యాచ్‌కి ఊళ్లు కదిలొస్తాయి. అయినా శ్రీలంక కూడా ఈ 24లో లేదు.

తమాషా ఏంటంటే రగ్బీలో అతి పాత ట్రోఫీల్లో ఒకటి మన రూపాయలతో చేసిందే. కలకత్తాలో ఇంగ్లీషు వాళ్లు 1873లో క్లబ్బు పెట్టారు, కొన్నేళ్లకే మూతపడింది. బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి కప్పు చేయించారు. మూడు పాము పిడులు, మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ ప్రతి ఏడూ దానికోసం కొట్టుకుంటాయి. కలకత్తా కప్ అంటారు. వెండి మనది, ఆట వాళ్లది.

బుకారెస్ట్_బావ

ఇండియాలో ఇప్పుడు ఆడేది ఎక్కువ ఒడిశా, బెంగాల్, బిహార్ పిల్లలే. అమ్మాయిల జట్టు నయం, 2019లో మనీలాలో సింగపూర్‌ని 21-19తో ఓడించింది, పదిహేను మంది ఆటలో మన అమ్మాయిల మొదటి గెలుపు అది. అబ్బాయిలు ఆసియాలోనే కింది డివిజన్లలో ఉన్నారు. ఒలింపిక్స్ వల్ల డబ్బంతా సెవెన్స్‌కే పోతోంది, తప్పు కూడా అనలేం. నేషన్స్ కప్ స్థాయి అంటే నా కొడుకు తరం కూడా కాదేమో, వాడికి ఇప్పుడు ఆరేళ్లు.

కబడ్డీ_కామేశం

సరే, నేనూ జులైలో చూస్తా. కానీ తాళం గురించి నా అభిప్రాయం మారలేదు, రాసి పెట్టుకోండి. జార్జియా ఆరుకి ఆరు గెలిస్తే ఈ థ్రెడ్‌ని మళ్లీ పైకి తీసుకొస్తా. సిక్స్ నేషన్స్‌లో ఇటలీ 2015 నుంచి 2022 దాకా వరసగా 36 మ్యాచులు ఓడినా దాని కుర్చీ కదల్లేదు. ఓడినా పోని కుర్చీ, గెలిచినా రాని కుర్చీ. మా కబడ్డీలో ఒక్క పాయింట్ తేడాతో ఔటైనా బయట కూర్చోవాల్సిందే.

మాస్టారూ, మీరన్న కాళ్ల పట్టు మాట వంద శాతం కరెక్ట్. మా అకాడమీలో పాత రగ్బీ బంతి ఒకటుంది, ఎవరో విద్యార్థి వదిలేసి పోయాడు, గాలి నిలుస్తుంది. మీ స్కూల్లో ఇంకా ఆడుతున్నారా? పంపమంటారా?

డ్రిల్_మాస్టారు

ఆడుతున్నారు కామేశం గారూ. నా తర్వాత వచ్చిన అమ్మాయి, తనూ పీఈటీయే, మానలేదు. బస్సు పార్సిల్‌లో వేసేయండి, ఖమ్మం బస్టాండ్‌లో నేనే తీసుకుంటా. అడ్రస్ విడిగా మెసేజ్ పెడతాను. గాలి తీసి పంపండి, పార్సిల్ కౌంటర్ వాడు పెద్ద డబ్బాకి ఎక్కువ తీసుకుంటాడు.

టిబిలిసి_స్టెతస్కోప్

నాది ఒక ప్రశ్న, జులై సెమిస్టర్ సెలవుల్లో నేను గుంటూరులో ఉంటా. జార్జియా మ్యాచులు ఇండియాలో ఎక్కడ వస్తాయో తెలిస్తే ఇక్కడే రాయండి. ఆంటీకి మాటిచ్చా, మ్యాచ్ అవుతుండగా వీడియో కాల్ చేస్తానని. అర్ధరాత్రి అయినా పర్లేదు, అమ్మకి మాత్రం చెప్పకండి.